'గిల్టీ ప్లెజర్' అంటే నేరమా?



ఈమధ్య మన తొమ్మిది, పది తరగతుల పిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకాల్లో 'గిల్టీ ప్లెజర్' అనే మాట తరచుగా కనబడుతున్నది. టీవీలోనో, ఫోన్లోనో విని పట్టుకున్నదే. అర్థం రాయమంటే మాత్రం ఒకరు 'నేరపూరిత ఆనందం' అన్నారు, ఇంకొకరు 'పాపపు సుఖం' అన్నారు. డిక్షనరీ చూసి మాటకు మాట పెడితే వచ్చే చిక్కు ఇదే.

గిల్టీ అనే మాట కోర్టులో వాడితే నేరం చేసినవాడని అర్థం. ఇంట్లో వాడితే 'అయ్యో, ఇలా చేశానే' అని మనసులో గుచ్చుకోవడం. ఇక్కడ ఉన్నది ఈ రెండోదే. అదీ చాలా పలచగా, నవ్వుతూ చెప్పుకునేంత. రాత్రి భోజనమయ్యాక కూడా డబ్బా మూత తీసి నాలుగు మురుకులు తినడం, పొద్దున్నే లేవాలని తెలిసీ ఇంకో సీరియల్ చూడడం, దిద్దాల్సిన పేపర్లు ముందు పెట్టుకొని పాత సినిమా పాటలు వింటూ కూర్చోవడం (ఇది మా ఉపాధ్యాయుల జబ్బు!). వీటివల్ల ఎవరికీ నష్టం లేదు, చేసినవారికి కొంచెం సిగ్గు, అంతే. సిగరెట్టుకో, పక్కవాడి పెన్ను కొట్టేయడానికో ఈ మాట వాడకూడదు. పెద్ద తప్పును తేలిక చేసినట్టవుతుంది.

మరి తెలుగులో ఏమనాలి? జిహ్వచాపల్యం తిండికి సరిపోతుంది గాని సీరియల్‌కు సరిపోదు. వ్యసనం అంటే మరీ బరువు. సరదా అంటే అందులో సిగ్గు లేదు. నా మటుకు 'చాటుమాటు సరదా' దగ్గరగా ఉందనిపిస్తుంది. మీ ఇంట్లో అవ్వాతాతలు ఇంతకన్నా మంచి మాట చెప్తే వచ్చి నాకు చెప్పండి.

ఇదంతా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఒక అమ్మాయి తన వ్యాసంలో 'రీడింగ్ తెలుగు స్టోరీస్ ఈజ్ మై గిల్టీ ప్లెజర్' అని రాసింది. వ్యాకరణం తప్పు లేదు, టీచరు టిక్కు పెట్టారు. కథలు చదవడానికి సిగ్గెందుకమ్మా అని అడిగితే, "ఇంట్లో లెక్కలు చేసుకోమంటారు సార్, అందుకే దుప్పట్లో పెట్టుకొని చదువుతా" అంది. అంటే మాటను సరిగ్గానే వాడింది. దిద్దాల్సింది ఆ పిల్ల వాక్యాన్ని కాదు.

బయట అంగడిలో, బస్సులో అంతా తమిళం. పై చదువులకు ఇంగ్లీషు. పిల్లలు తెలుగు అక్షరం చూసేది ఈ బడిలోను, మీ ఇంట్లోను మాత్రమే. లెక్కలు చేయమనడం తప్పని నేననను. అవి అయ్యాక ఒక అరగంట కథల పుస్తకం పట్టుకుంటే, అది ఏం కథో పక్కన కూర్చొని అడగండి. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి కూడా ఇస్తున్నాం. రిజిస్టరులో సంతకం చేసి తీసుకుపోవచ్చు.

— ప్రధానోపాధ్యాయులు