తిరిగి జవాబు చెప్పు తెర

విద్యుత్తుతో పనిచేయు బోధన సాధనము గ్రామములోనికి వచ్చుట ఇది మొదటిసారి కాదు. 1975 ఆగస్టు 1వ తేదీన మన దేశములో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగము ప్రారంభమై ఒక సంవత్సరము నడచినది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చుచుండెను. పిల్లలు చూచిరి, వినిరి. అంతే. తెరమీది వ్యక్తిని ప్రశ్నించుటకు గాని, తమకు తెలియనిదేదో అతనికి తెలుపుటకు గాని వారికి వీలు లేకుండెను.

ఇప్పటి సాధనముల విశేషము ఆ లోటు తీర్చుటయందే యున్నది. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో 'మన బడి నాడు–నేడు' పనులు ప్రారంభమైనవి. అందులో భాగముగా 2023లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల గదులలో, వ్రేలితో తాకినచో పనిచేయు పెద్ద తెరలు అమర్చబడినవి. ఉపాధ్యాయులు వీనిని ఐ.ఎఫ్.పి. లనుచున్నారు. చిన్న తరగతులకు స్మార్ట్ టీ.వీ.లు వచ్చినవి. సభ్యులు వీనిని చూచియే యుందురు. పెద్ద టీ.వీ. అని తలచి ముందుకు సాగియు నుందురు. అందులో వారి తప్పు లేదు. టీ.వీ.గా వాడినన్నాళ్లు అది టీ.వీ.యే.

ఒక పాఠమును ఉదాహరణముగా తీసికొందము. విద్యుత్ వలయమును నల్లబల్లపై గీసి చూపుట మన మెరిగినదే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో, 2001లో నోబెల్ బహుమానము పొందిన భౌతిక శాస్త్రజ్ఞుడు కార్ల్ వీమన్, 2002లో 'ఫెట్' అను పేరుతో ఒక పని ప్రారంభించెను. అందు తయారైన పాఠములు ఇంటర్నెట్‌లో ఉచితముగా లభించుచున్నవి. కొన్నింటికి తెలుగు అనువాదములును కలవు. విద్యుత్ వలయపు పాఠమును తెరచినచో బ్యాటరీలు, బల్బులు, తీగలు, స్విచ్చులు ఒక ప్రక్కన కనుపించును. పిల్లవాడు వచ్చి వ్రేలితో ఒక్కొక్కటి లాగి కలుపవలెను. వలయము పూర్తి కానిచో బల్బు వెలుగదు. పూర్తియైనచో తీగలో చిన్న చుక్కలు కదలును. అవి ఎలక్ట్రానులు. వోల్టేజి పెంచినకొలది చుక్కలు వేగముగా పరుగెత్తును, బల్బు మరింత ప్రకాశించును. బ్యాటరీ రెండు కొనలను వట్టి తీగతో కలిపినచో తెరపై మంట లేచును. ఇంటిలో జరిగినచో ప్రాణాపాయమైన ఆ తప్పిదమును బిడ్డ ఇచ్చట నిర్భయముగా చేసి, కారణము తెలిసికొనును.

అట్లని ఇది నిజమైన ప్రయోగమునకు బదులు కాదు. టార్చిలైటు బల్బును, ఒక సెల్లును, మూరెడు తీగను పిల్లలచేత కలిపింపవలసినదే. కంటికి కనుపించని దానిని కనుపింపజేయుట వరకే తెర పని.

రెండవ సాధనము ఇంతకంటె చవుక. తరగతి చివర ఉపాధ్యాయుడు "అర్థమైనదా?" అని అడుగును. "అర్థమైందండీ" అని నలుబదిమంది ఒక్క గొంతుతో పలుకుదురు. సభ్యులందరును ఒకప్పుడు ఆ గొంతు కలిపినవారే. 1/3, 1/4 లలో ఏది పెద్దదని విడివిడిగా అడిగినచో, మూడుకంటె నాలుగు పెద్దది గనుక 1/4 అని చెప్పు బిడ్డలు ఎందరో యుందురు. వెనుక వరుసలోని బిడ్డ ఆ పొరపాటుతోనే పై తరగతికి పోవును. భిన్నములు రాని బిడ్డకు వడ్డీ లెక్క రాదు, బీజగణితము రాదు, తుదకు బడియే రాదు.

'ప్లికర్స్' అను పద్ధతిలో ప్రతి బిడ్డకు ఒక కాగితపు కార్డు ఇత్తురు. దానిపై నలుపు తెలుపు గడుల బొమ్మ, నాలుగు అంచులకు నాలుగు అక్షరములు ఉండును. తన జవాబు అక్షరము పైకి వచ్చునట్లు బిడ్డ కార్డును ఎత్తి పట్టుకొనును. ఏ ఇద్దరి బొమ్మయు ఒకటి కాదు. అక్షరములు చిన్నవి. గాన ప్రక్కవాని జవాబు చూచి వ్రాయుట కుదరదు. ఉపాధ్యాయుడు తన సెల్‌ఫోను కెమెరాను గదివైపు త్రిప్పినంతనే ఎవరి జవాబు ఏదో ఫోనులో నమోదగును. పిల్లలకు ఫోనులు అక్కరలేదు. కార్డులను బడిలోనే ముద్రించుకొనవచ్చును. పిల్లల పూర్తి పేర్లు, ఇంటి వివరములు ఇట్టి వెబ్‌సైట్లకు ఇయ్యక, హాజరుపట్టీ సంఖ్యతో సరిపెట్టుట మంచిదని మా అభిప్రాయము.

ఇక పంచాయతీకి ఇందులో పని యేమి? రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్య వానిలో 17వది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో తలిదండ్రులతోబాటు స్థానిక సంస్థల ప్రతినిధులకును చోటున్నది. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయునది ఆ సంఘమే.

బోధన ఉపాధ్యాయుని పని. అందులో మనము చేయి పెట్టరాదు. కాని మేము చూచిన ఒక పాఠశాలలో తెరకు గుడ్డ కప్పి, గదికి తాళము వేసి యుంచిరి. పగిలిన యెడల జవాబుదారి యెవరను భయమే కారణము. ఆ భయమును ప్రధానోపాధ్యాయుని ఒక్కని నెత్తిన వదలుట న్యాయము కాదు. మరమ్మతు వచ్చినచో ఎవరికి తెలుపవలెను, హామీ గడువు ఎన్నాళ్లున్నది అను సంగతి సంఘ సమావేశములో వ్రాయించి, తెర వాడుటవలన వచ్చు చెడిపోవుట తప్పు కాదని తీర్మానము చేసినచో తాళము తీయుటకు ఆయనకు ధైర్యము కలుగును.

విద్యుత్తు మాట మరింత ముఖ్యము. వోల్టేజి హెచ్చుతగ్గులకు ఈ తెరలు తట్టుకొనలేవు. ఎర్తింగు సరిగా నున్నదో లేదో లైన్‌మన్‌చేత పరీక్ష చేయింపవలెను. ఇంటర్నెట్‌కు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించి, 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకము క్రింద ఫైబరు తీగ పలు పంచాయతీ కార్యాలయముల వరకు వచ్చినది. అచ్చటినుండి బడికి నడుమ మిగిలిన కొద్ది దూరమే పలుచోట్ల అడ్డముగా నున్నది. ఆ దూరము ఎంతయో కొలిపించి అంచనా వేయించుట పంచాయతీకి సాధ్యమైన పని. తీగ వచ్చులోపల పాఠము ఆగనక్కరలేదు. ఫెట్ పాఠములను నెట్ ఉన్నచోట దింపి, పెన్‌డ్రైవులో తెచ్చి, నెట్ లేని గదిలోను నడుపవచ్చును.

సభ్యులు బడికి పోయినపుడు తెరలు ఎన్ని యున్నవని అడుగుట పరిపాటి. ఈ వారము తెర దగ్గరకు వచ్చి వ్రేలు పెట్టిన పిల్లలెందరని అడుగుడు. ఆడపిల్లలు వచ్చిరా, వెనుక వరుసవారు వచ్చిరా యని అడుగుడు. వేసవి సెలవులలో తెర తీగలను గోడనుండి ఊడదీసి యుంచవలెను. ఎలుకలు కొరికిన తీగ సంగతి జూన్‌లో బడి తెరచిన తరువాత తెలియుటకంటె, మే నెలాఖరున ఒకసారి గది తెరిపించి చూచుకొనుట మేలు.