కదలెడు బొమ్మల వెనుకటి యడవి

బొమ్మల చలనచిత్రమును జూచునప్పుడు మన కన్నులు నడచు బొమ్మనే వెంటాడును. ఆ బొమ్మ నిలిచిన నేలను, వెనుకనున్న చెట్టును, పైనున్న ఆకాశమును ఎవరు వ్రాసిరని యడుగువారు అరుదు. అది ప్రత్యేకమైన విద్య. ముగ్గులు, అద్దకములు, బొమ్మలకొలువులు ఎరిగిన సోదరీమణులకు దాని మర్మము సులభముగా బోధపడునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మనకు సన్నిహితమైన ఉదాహరణ మొకటి కలదు. జపాను దేశస్థుడైన యూగో సాకో 1983లో పురావస్తు పరిశోధనలను గూర్చిన చిత్రము తీయుటకై భారతదేశమునకు వచ్చి, రామాయణకథ విని, తన భాషలోని అనువాదములు చదివి, దానిని బొమ్మల చిత్రముగా దీయ సంకల్పించెను. కోయిచి ససాకియు, మన దేశపు రామ్ మోహనును దర్శకత్వమున ఆయనకు తోడైరి. సుమారు లక్ష చేతిచిత్రములతో సిద్ధమైన యా రామాయణము 1993లో ఢిల్లీ చలనచిత్రోత్సవమున ప్రదర్శితమయ్యెను. 2025 జనవరి 24వ తేదీని తెలుగు మాటలతో గూడ మన సినిమాహాళ్లకు వచ్చినది.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున గోదావరి గట్టుననున్న పర్ణశాలయే పంచవటి యని మా ప్రాంతపు నమ్మకము. నాసికవారును తమ పంచవటిని గూర్చి యట్లే చెప్పుకొందురు. ఆ వివాదము నాకక్కరలేదు. అడవి యంచున కాపురమున్నదానను గనుక, తెరమీది దండకారణ్యము ఎట్లు తయారగునో తెలిసికొనవలెనను కుతూహలము మాత్రము కలిగినది.

పద్ధతి యిట్టిది. మందపు కాగితమును తడిపి, పలకపై బిగువుగా అంటించి ఆరనిత్తురు. లేనిచో రంగు తగిలినంతనే అది ముడుతలు పడును. ఆకాశమును, దూరపు మబ్బులను కాగితము తడిగా నుండగానే వెడల్పు కుంచెతో దించుదురు. తరువాత దూరపు కొండలు. అవి పాపికొండలవలె పాలిపోయిన నీలిరంగున నుండవలెను. దగ్గరకు వచ్చుకొలది చెట్లకు వన్నెయు, నీడయు హెచ్చించుచు వత్తురు. దీపములక్రింద తళతళలాడని మట్టిరంగుల వంటి పోస్టరు రంగులు వాడుదురు. అద్దకపు గుడ్డవలెనే యివి తడిగా నున్నప్పుడొక తీరునను, ఆరినప్పుడొక తీరునను కనబడును. అందుచే ముందుగా ముక్కపై పూసి, ఆరనిచ్చి చూచుకొనవలెను.

బొమ్మలను వేరుగా, అద్దమువలె కనబడు పలుచని రేకులపై వ్రాసి, ఈ చిత్రముపై నుంచి ఛాయాచిత్రములు తీయుచుండిరి. ఒక్క సెకనులో తెరపై 24 ఛాయాచిత్రములు దొరలును. బొమ్మ మారుచుండును గాని వెనుకటి యడవి మారదు. ముందరి కొమ్మను మరియొక రేకుపై వ్రాసి బొమ్మకు పైన నుంచినచో, బొమ్మ కొమ్మచాటున నడచినట్లుండును. పాత్ర చాలదూరము నడువవలసియున్నచో కాగితము మూరలకొలది పొడవుండెడిది. మన చేర్యాల పటమును కథకుడు విప్పుచు పోవునట్లు, దానిని కొంచెము కొంచెముగా జరుపుచుండిరి. చేర్యాలవారు బొమ్మల వెనుక ఎర్రరంగు పూసి ఊరకుందురు. ఆ యెరుపుమీద ప్రతి బొమ్మయు నెంత స్పష్టముగా నిలుచును!

అడవిని వ్రాయువారి కష్టమంతయు నిచ్చటనే యున్నది. ఆకు ఆకును వ్రాసినచో బొమ్మ కనబడదు. అమెరికాలో 1942లో వెలువడిన బాంబి యను జింకపిల్ల చిత్రమునకు మొదట వ్రాసిన యడవులు ఆకులతో, కొమ్మలతో క్రిక్కిరిసి జింకనే మ్రింగివేసెను. చీనాదేశమున బుట్టిన టైరస్ వాంగ్ అను చిత్రకారుడు పూర్వపు చీనా చిత్తరువుల రీతిని మంచును, వెలుగును, నాలుగు మానులను మాత్రము చూపి, జింక నిలుచుచోటు ఖాళీగా విడిచెను. చిత్రమంతటికి నదియే మేలుబంతి యయ్యెను.

విడుచుట సరే, ఉంచినదైనను నిజము కావలెను గదా! మా యింటివారి బడిలో అడవిని గీయుమన్నచో పిల్లలు కొబ్బరిచెట్టు గీయుదురు. ఈ యడవిలో కొబ్బరి యెక్కడిది? టేకు, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు ఇచ్చటి చెట్లు. గోడపటములలో వనమన్నంతనే నిత్యము పచ్చదనమే. మా యడవి వేసవికి ముందే ఆకు రాల్చి గోధుమవన్నెకు దిగును. ఫాల్గునమున ఆకులేని మోదుగ నిప్పువలె పూయును. గోదావరి శ్రావణమున ఎర్రనీరు, హేమంతమున తేటనీరు. రామునికి వనవాసము పదునాలుగేండ్లు. అన్నియేండ్లును ఒక్క ఋతువే నడచునా?

ఈ విషయమున వాల్మీకిని మించిన గురువు లేడు. అరణ్యకాండలో శూర్పణఖ రాకకు ముందటి సర్గ యంతయు హేమంతవర్ణనయే. తెల్లవారుజామున గోదావరి స్నానమునకు బోవుచు లక్ష్మణుడు మంచును, చలిని, పండిన పైరులను వర్ణించును. కథ యచ్చట నడుగైనను కదలదు. తెరయంతయు సిద్ధమైన పిదపనే రాక్షసి ప్రవేశించును.

పర్ణశాల చెంత సీతవాగులో పసుపువన్నె రాళ్లు, కుంకుమవన్నె రాళ్లు కలవు. సీతమ్మ వానిని అరగదీసి పసుపు కుంకుమలుగా ధరించెనని అచ్చటివారు చెప్పుదురు. పంచవటిని వ్రాయ దలచిన చిన్నది యెవతెయైన నున్నచో, బజారు రంగులు కొనుటకు ముందు ఆ రాళ్లను సానపై నీటితో అరగదీసి చూడవలెను.