చెట్టుకు తామర పడుతుందా?

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోతుంటే మామిడి, ఇప్ప చెట్ల మానుల మీద తెల్లగా, బూడిద రంగులో గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. ‘చెట్టుకు తామర పట్టిందా?’ అని పిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో సగం నిజం ఉంది.

మన ఒంటికి తామర తెచ్చేది శిలీంధ్రం. బూజు, పుట్టగొడుగుల జాతిది. చెట్టు మీది మచ్చలోనూ శిలీంధ్రమే ఉంది, కానీ ఒంటరిగా లేదు. దాని పోగుల మధ్య కంటికి ఆనని నాచు కణాలుంటాయి. ఈ రెండూ కలిసి బతికితే దాన్ని లైకెన్ అంటాం. 1860ల్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి చెబితే చాలామంది తోటి పండితులు ఒప్పుకోలేదు. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

మరి లైకెన్ చెట్టును తింటుందా? తినదు. నాచు ఎండలో తిండి తయారు చేస్తుంది, శిలీంధ్రం అందులోంచి తీసుకుంటుంది. బదులుగా నాచును కప్పి, తొందరగా ఎండిపోకుండా కాస్తుంది. నీళ్లు వాన నుంచి, మంచు నుంచి అందుతాయి. చెట్టు ఇచ్చేది అతుక్కోవడానికి చోటు మాత్రమే. ఎండుకొమ్మల మీద లైకెన్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అదే కొమ్మను చంపిందనుకుంటారు. జరిగేది తిరగేసి: కొమ్మ ఆకు రాల్చింది, వెలుతురు పడింది, లైకెన్ పెరిగింది. పాపం, నింద దానిమీద పడింది.

వేసవిలో ఆకుల్లా రేకులు విచ్చుకున్న లైకెన్ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. కాసేపటికే పచ్చబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు పైపొర లోపలి రంగును దాచేస్తుంది. తడిస్తే వెలుతురు దాని గుండా పోయి నాచు పచ్చదనం బయటపడుతుంది.

కొన్ని మచ్చల్లో వంకర టింకర నల్లగీతలుంటాయి. అలాంటి వాటిలో గ్రాఫిస్ ఒక రకం. ఆ గీతల్లోనే శిలీంధ్రం తన సిద్ధబీజాలు తయారు చేసుకుంటుంది. అయితే ఆ బీజంలో నాచు ఉండదు. గాలికి ఎగిరి ఏ బెరడు మీదో పడ్డాక తగిన నాచు దొరికితేనే కొత్త మచ్చ మొదలవుతుంది. మొదలయ్యాకా నెమ్మదిగానే పెరుగుతుంది, అరచేతంత మచ్చ కావాలంటే ఏళ్లు పడుతుంది. గోటితో గీకకండి.

లైకెన్‌కు వేళ్లు లేవు. గాలిలో, వానలో ఏముంటే అది నేరుగా పీల్చుకుంటుంది. బొగ్గు మండినప్పుడు వచ్చే గంధకపు వాయువు చాలా రకాల లైకెన్లను చంపేస్తుంది. 1866లోనే శాస్త్రవేత్త విలియం నైలాండర్ పారిస్ తోటల్లో లైకెన్లను చూసి గాలి మంచిచెడ్డలు పోల్చాడు. పాల్వంచలో బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, పక్కనే కిన్నెరసాని అడవి ఉంది. బడి పిల్లలు రెండు చోట్లా ఒకే రకం చెట్లు ఎంచుకుని మచ్చలు లెక్కపెట్టి చూడవచ్చు.