లెదర్ జాకెట్ కొంటున్నారా? ట్యాగ్ కాదు, అంచు చూడండి!

మొదటి జీతం పడిన వారమే నోయిడాలో లెదర్ జాకెట్ కొన్నాను. డిసెంబర్ చలి, పైగా కాలేజీ రోజుల నుంచి ఉన్న మోజు. లోపల ట్యాగ్ మీద 'జెన్యూన్ లెదర్' అని ఉంది. ఇంకేం చూడలేదు, మూడున్నర వేలు ఇచ్చేశా. రెండేళ్లకి విజయవాడలో మా ఇంటి బీరువాలోంచి తీస్తే కాలర్ అంతా పొట్టు రాలుతోంది. 'పాము కుబుసంలా ఉందేంట్రా ఇది?' అంది అమ్మ.

తప్పు బీరువాది కాదు, నాది. ఆ ట్యాగ్‌కి అర్థం తెలియకపోవడమే నా తప్పు.

ట్యాగ్ చెప్పేదేంటి?

తోలులో పై పొర చాలా గట్టిది. దాన్ని రుద్దకుండా అలాగే ఉంచితే ఫుల్ గ్రెయిన్. మచ్చలు పోయేలా కాస్త రుద్ది పూత వేస్తే టాప్ గ్రెయిన్. మిగిలిన కింది పొర స్ప్లిట్. తోలు ముక్కలను పొడి చేసి జిగురుతో అతికిస్తే బాండెడ్. 'జెన్యూన్' అంటే తోలు ఉందని మాత్రమే, ఏ పొరో చెప్పదు. నేను కొన్నది స్ప్లిట్ తోలు మీద మందంగా పాలీయురేథేన్ పూత వేసింది. గాలిలో తేమకి ఆ పూతలోని పాలిమర్ గొలుసులు మెల్లగా తెగిపోతాయి. మనం చదువుకున్న హైడ్రాలిసిస్సే! అందుకే వాడకుండా దాచినా రాలిపోయింది.

షాపులో ఐదు నిమిషాలు

* మడత, జేబు లోపల కత్తిరించిన అంచు వెతకండి. అసలు తోలు పీచుపీచుగా ఉంటుంది. బట్ట మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే వదిలేయండి.
* బొటనవేలితో నొక్కండి. తోలు మీద సన్నని ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకుంటాయి.
* రంధ్రాలు గమనించండి. ఒకే డిజైన్ అచ్చు గుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తే అనుమానించాల్సిందే.
* జిప్ పదిసార్లు లాగి చూడండి. మెటల్‌ది, తట్టుకోకుండా జారాలి.
* నీటి చుక్క, అగ్గిపుల్ల పరీక్షలు వద్దు. పూత ఉన్న మంచి తోలు కూడా నీటిని పీల్చదు. నిప్పు పెడితే జాకెట్ మీ నెత్తినే పడుతుంది!

ఏ తోలు? ఏ సైజు?

గొర్రె తోలు మెత్తన, తేలిక. కానీ గీతలు తొందరగా పడతాయి. మేక తోలు తేలికగా ఉంటూనే గట్టిగా ఉంటుంది. ఆవు, గేదె తోలు బరువెక్కువ, మన్నికా ఎక్కువే. బైక్ కోసమైతే ఫ్యాషన్ జాకెట్ సరిపోదు. భుజాలు, మోచేతుల దగ్గర సీఈ గుర్తు ఉన్న ఆర్మర్ తప్పనిసరి.

భుజం కుట్టు సరిగ్గా భుజం చివర ఉండాలి. జిప్ వేసుకుని చేతులు ముందుకు చాచి చూడండి. 'తర్వాత ఆల్టర్ చేయిద్దాంలే' అనుకోవద్దు. తోలులో సూది చేసిన రంధ్రం మళ్లీ పూడదు. భుజాలు సరిచేయడం ఇంకా కష్టం.

కొన్నాక...

వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. తడిస్తే నీడలోనే ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే బూజు పడుతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి నూలు గుడ్డ కప్పండి. అప్పుడప్పుడు లెదర్ కండిషనర్ రాస్తే చాలు.

అసలు కావాలా?

నిజం చెప్పాలంటే, ఉద్యోగం వెతికే రోజుల్లో అక్కర్లేదు. ఇంటర్వ్యూకి లెదర్ జాకెట్ వేసుకెళ్లరు. మన ఊళ్లలో దాన్ని వేసుకునే చలి కొన్ని వారాలే. ఎమ్మెస్‌కి మంచు దేశం వెళ్లేవాళ్లకి అదొక్కటే చాలదు, మందపాటి వింటర్ కోటు కావాల్సిందే. ఇప్పుడు చేతిలో డబ్బు తక్కువుంటే మంచి బూట్లు, బెల్ట్ కొనండి. వాటికీ ఇదే అంచు పరీక్ష పనికొస్తుంది. జాకెట్ ఎక్కడికీ పోదు, ఆఫర్ లెటర్ వచ్చాక కొనొచ్చు.

నేను రెండోది మూడేళ్లు ఆగి కొన్నా, మేక తోలుది. మోచేతుల దగ్గర ముడతలు పడ్డాయి గానీ పొట్టు మాత్రం రాలలేదు. ఈసారి అమ్మ కూడా ఏమీ అనలేదు!