నదీ పరీవాహక ప్రాంతంలో అటవీ పునరుద్ధరణ – కార్చిచ్చు తీవ్రత నియంత్రణ: సౌత్ ప్లాట్ నది అనుభవం

వ్యాససంగ్రహం:

నగరానికి చేరే తాగునీటి భద్రత నదిపై కట్టిన ఆనకట్టపైనే కాక, ఆనకట్టకు ఎగువన ఉన్న అడవి స్థితిపైన కూడా ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సౌత్ ప్లాట్ నది ఎగువ పరీవాహక ప్రాంతంలో 1996, 2002 సంవత్సరాల్లో చెలరేగిన కార్చిచ్చులు ఈ సంబంధాన్ని స్పష్టంగా నిరూపించాయి. అక్కడి అడవి దట్టమైన క్రమాన్ని, కాలిన కొండల మట్టి జలాశయానికి చేరిన తీరును, 2010 నుంచి చేపట్టిన పునరుద్ధరణ పద్ధతులను, వాటి పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరీవాహక ప్రాంతం, కార్చిచ్చు, నియంత్రిత దహనం, నేలకోత, పూడిక, సౌత్ ప్లాట్, నల్లమల.

1. ఉపోద్ఘాతం:

కార్చిచ్చును సాధారణంగా అడవికి కలిగే నష్టంగానే లెక్కిస్తాం. ఎన్ని ఎకరాలు కాలాయి, ఎన్ని ఇళ్లు బూడిదయ్యాయి అన్నవే వార్తల్లో కనిపిస్తాయి. అయితే మంట ఆరిన తరువాత కురిసే తొలి వానతో రెండో నష్టం మొదలవుతుంది. అది కొండవాలుపై పుట్టి, వాగుల గుండా ప్రయాణించి, ఎక్కడో దూరాన ఉన్న జలాశయంలో పేరుకుంటుంది. ఈ రెండో నష్టాన్ని గుర్తించినప్పుడే అడవి ఆరోగ్యం అటవీశాఖకు మాత్రమే సంబంధించిన విషయం కాదని, నీటి సరఫరా సంస్థకూ నగర ప్రజలకూ సంబంధించినదని తెలుస్తుంది.

2. పరిశీలన ప్రాంతం:

సౌత్ ప్లాట్ నది రాకీ పర్వతాల్లో పుట్టి, డెన్వర్ నగరం మీదుగా ప్రవహించి నెబ్రాస్కా మైదానాలకు చేరుతుంది. నగరానికి నైరుతి దిశలోని లోయలో 1983లో పూర్తయిన స్ట్రోన్షియా స్ప్రింగ్స్ ఆనకట్ట ఉంది. డెన్వర్ వాటర్ అనే ప్రజాసంస్థ సుమారు 15 లక్షల మందికి అందించే నీటిలో దాదాపు 80 శాతం ఈ జలాశయం గుండానే వెళుతుంది. ఇదే నదిపై మరింత ఎగువన 1905లో పూర్తయిన చీజ్‌మన్ ఆనకట్ట ఉంది. ఈ కొండలు ఎక్కువగా పైక్స్ పీక్ గ్రానైటు శిలతో ఏర్పడ్డాయి. ఆ శిల శైథిల్యం చెంది ముతక గరుసుగా మారుతుంది. దానిని పట్టి ఉంచే వేళ్లూ రాలిన ఆకులూ లేకపోతే చిన్న వానకే జారిపోతుంది.

3. అడవి దట్టమైన క్రమం:

ఈ కొండల దిగువ భాగాల్లో పాండరోసా పైన్ ప్రధాన వృక్షం. దాని బెరడు మందంగా ఉంటుంది. చెట్టు పెరిగేకొద్దీ కింది కొమ్మలు రాలిపోతాయి. ఈ రెండు లక్షణాల వల్ల నేలపై పాకే మంటకు అది తట్టుకుంటుంది. చీజ్‌మన్ జలాశయం చుట్టూ నరికివేతకు గురికాకుండా మిగిలిన అడవిలో మెరిల్ కౌఫ్‌మన్ తదితర శాస్త్రవేత్తలు వృక్షవలయాలనూ మంట మచ్చలనూ అధ్యయనం చేశారు. పూర్వం అక్కడ కొన్ని దశాబ్దాలకొకసారి పెద్ద మంటలు వచ్చేవనీ, అవి కొన్నిచోట్ల నేలపై మాత్రమే పాకి, మరికొన్నిచోట్ల చెట్ల గుంపులను పూర్తిగా కాల్చేవనీ ఆ పరిశోధనలో తేలింది. ఫలితంగా ఖాళీస్థలాలు, పలుచని అడవి, అక్కడక్కడా దట్టమైన గుంపులు కలగలిసిన భూదృశ్యం ఏర్పడింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ క్రమం ఆగిపోయింది. 1910లో ఇడాహో, మోంటానా ప్రాంతాల్లో చెలరేగిన భారీ కార్చిచ్చు తరువాత అమెరికా అటవీశాఖ ప్రతి మంటనూ ఆర్పడమే ధ్యేయంగా పెట్టుకుంది. మంట కనిపించిన మరునాటి ఉదయం పది గంటలలోపు దానిని అదుపు చేయాలన్న విధానం 1935లో అమల్లోకి వచ్చింది. పశువుల మేత వల్ల మంటను మోసే గడ్డి తగ్గింది. నరికివేత వల్ల పెద్దచెట్లు పోయి, ఒకే వయసు మొక్కలు కిక్కిరిసి పెరిగాయి. వాటి నడుమ నీడను తట్టుకొనే డగ్లస్ ఫర్ మొక్కలు నేల నుంచి పైదాకా కొమ్మలతో నిలిచాయి. నేలమంట చెట్ల తలలకు ఎక్కడానికి అవి నిచ్చెనలయ్యాయి. మంటను ఆర్పడంలో సాధించిన విజయమే పెద్దమంటకు కావలసిన ఇంధనాన్ని కూడబెట్టింది.

4. మంట నుంచి పూడిక దాకా:

1996 మే నెలలో బఫెలో క్రీక్ కార్చిచ్చు సుమారు 12,000 ఎకరాలను కాల్చింది. రెండు నెలలైనా తిరగకముందే, జులై 12న కురిసిన కుండపోత వానకు కాలిన వాలుల నుంచి వరద విరుచుకుపడింది. ఇద్దరు మరణించారు. గరుసు, బూడిద, కాలిన దుంగలు స్ట్రోన్షియా స్ప్రింగ్స్ జలాశయానికి కొట్టుకొచ్చాయి. 2002 జూన్ 8న మొదలైన హేమన్ కార్చిచ్చు సుమారు 1,38,000 ఎకరాలను దహించింది. 2020 వరకు కొలరాడో చరిత్రలో నమోదైన అతిపెద్ద కార్చిచ్చు ఇదే. చీజ్‌మన్ చుట్టూ అధ్యయనం చేసిన ఆ పాత అడవి కూడా ఇందులో కాలిపోయింది.

ఈ ప్రక్రియలో మూడు దశలున్నాయి. మొదట, వాన దెబ్బను ఆపే ఆకుల కప్పు, నేలపై రాలిన సూదాకుల పొర కాలిపోతాయి. తరువాత, కాలిన సేంద్రియ పదార్థాల నుంచి వెలువడిన మైనపు ఆవిర్లు నేలలోకి దిగి, చల్లని మట్టిరేణువులపై పేరుకుని నీటిని ఇంకనివ్వని పొరగా మారతాయి. చివరగా, ఇంకని నీరు వాలుపై వేగం పుంజుకొని గరుసును కోసుకుంటూ వాగుల్లోకి చేరుతుంది. ఈ రెండు కార్చిచ్చుల వల్ల జలాశయంలో దాదాపు 10 లక్షల ఘనపు గజాల పూడిక చేరినట్లు డెన్వర్ వాటర్ లెక్కగట్టింది. నీటిశుద్ధికి, పూడికతీతకు, మరమ్మతులకు ఆ సంస్థ 2.7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. 2011లో పూడికతీత చేపట్టినా, చేరినదానిలో కొంత భాగాన్నే తొలగించగలిగింది.

5. పునరుద్ధరణ పద్ధతులు:

ఈ అనుభవంతో 2010లో డెన్వర్ వాటర్, అమెరికా అటవీశాఖ చెరిసగం భరించేలా 3.3 కోట్ల డాలర్లతో ‘ఫ్రమ్ ఫారెస్ట్స్ టు ఫాసెట్స్’ అనే ఒప్పందం చేసుకున్నాయి. అడవి నుంచి కుళాయి దాకా అని దీని భావం. నీటి వినియోగదారులు చెల్లించే రుసుములో కొంత భాగం ఎగువ అడవి సంరక్షణకు వెళ్లడం ఇందులోని ముఖ్యాంశం. ఆచరణలో ఉన్న పద్ధతులు ప్రధానంగా మూడు.

అ) పలుచన చేయడం: చిన్నచెట్లనూ నీడను తట్టుకొనే మొక్కలనూ తొలగించి, పెద్ద పాండరోసా చెట్లను ఉంచుతారు. చెట్లన్నీ సమదూరంలో ఉండేలా కాక, గుంపులూ ఖాళీస్థలాలూ మిగిలేలా నరకడం చరిత్రకు దగ్గరి పద్ధతి.

ఆ) నియంత్రిత దహనం: గాలి, తేమ అనుకూలించిన రోజుల్లో నిపుణుల పర్యవేక్షణలో నేలమంట పెడతారు. నరికిన కొమ్మలను అలాగే వదిలేస్తే పైనున్న ఇంధనం కిందికి చేరినట్లే అవుతుంది. కాబట్టి పలుచన చేసిన చోట దహనం కూడా జరిగినప్పుడే ఆ పని పూర్తయినట్లు.

ఇ) కాలినచోట మొక్కలు నాటడం: పాండరోసా విత్తనాలు తల్లిచెట్టుకు ఎక్కువ దూరం పోవు. హేమన్ ప్రాంతంలో చెట్లన్నీ చచ్చిన విశాలమైన చోట్ల అడవి తనంతట తాను తిరిగి రావడం చాలా కష్టం. అందుకే అక్కడ నాటడం అవసరమైంది.

6. ఫలితాలు – పరిమితులు:

ఈ పనులు కార్చిచ్చును ఆపుతాయా అన్న ప్రశ్నకు హేమన్ ఘటనే సమతుల్యమైన సమాధానం ఇస్తుంది. 2001 శరత్కాలంలో పోల్హీమస్ అనే చోట నియంత్రిత దహనం జరిగింది. మరుసటి ఏడాది హేమన్ మంట ఆ సరిహద్దుకు చేరినప్పుడు ఆ వైపు దాని వ్యాప్తి నిలిచింది. అదే మంట జూన్ 9న, తీవ్రమైన గాలులకు తోడు పొడివాతావరణంలో, ఒక్కరోజులోనే సుమారు 60,000 ఎకరాలకు వ్యాపించింది. ఆనాడు చిన్నచిన్న పలుచన ప్రాంతాలు దాని దారిని పెద్దగా మార్చలేకపోయాయి. దీన్నిబట్టి చికిత్స జరిగిన ప్రాంతపు విస్తీర్ణం, స్థానం, ఎంతకాలం కిందట జరిగింది అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయని గ్రహించవచ్చు. పునరుద్ధరణ లక్ష్యం మంట లేని అడవి కాదు. మంట వచ్చినా వేళ్లూ నేలా మిగిలే అడవి.

చిన్నకలపకు మార్కెట్టు లేకపోవడం, నియంత్రిత దహనపు పొగపై అభ్యంతరాలు, అనువైన రోజులు తక్కువ కావడం, కొన్నేళ్లకొకసారి పని మళ్లీ చేయవలసి రావడం – ఇవి ప్రధానమైన అడ్డంకులు.

7. తెలుగు ప్రాంతాలకు అన్వయం:

నల్లమల అడవుల నడుమ సాగే కృష్ణానదిపై శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలున్నాయి. కనుక ఎగువ అడవికీ దిగువ నీటికీ ఉన్న సంబంధం ఇక్కడా పరిశీలించదగినదే. అయితే పద్ధతులను యథాతథంగా తెచ్చుకోవడం సరికాదు. ఇక్కడివి ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుటాకులు, గడ్డి ఇంధనమై నేలమంటలు వస్తాయి. చెట్ల తలలనంటుకొనే మంటలు అరుదు. ఇక్కడ మంటలకు ప్రధాన కారణం మనుషులు. తునికాకు, ఇప్పపువ్వు సేకరణ, మేతగడ్డి చిగురింపు కోసం పెట్టే నిప్పు వంటివి ఇందులో ఉన్నాయి. తరచుగా వచ్చే నేలమంట లేతమొక్కలను చంపి, అడవి పునరుత్పత్తిని దెబ్బతీస్తుంది. అక్కడ మంట లేకపోవడం సమస్య కాగా, ఇక్కడ మంట పదేపదే రావడం సమస్య. కాబట్టి వేసవికి ముందు అగ్నిరేఖలు శుభ్రం చేయడం, చెంచుల వంటి అటవీవాసుల జ్ఞానాన్నీ జీవనాధారాన్నీ ప్రణాళికలో భాగం చేయడం ఇక్కడికి తగిన మార్గాలు.

8. ముగింపు:

1. పరీవాహక ప్రాంతంలోని అడవి జలాశయానికి తొలి రక్షణ. అది తీవ్రంగా కాలితే ఆ నష్టాన్ని నీటి సంస్థ దశాబ్దాలపాటు మోయవలసి వస్తుంది.

2. పునరుద్ధరణకు ముందు ఆ అడవిలో మంటల చరిత్రను స్థానికంగా అధ్యయనం చేయాలి. ఒక ప్రాంతపు పరిష్కారం మరోచోట హాని చేయవచ్చు.

3. దిగువన నీరు వాడుకొనేవారు ఎగువ అడవి ఖర్చులో పాలుపంచుకోవడం సౌత్ ప్లాట్ అనుభవంలో గ్రహించదగిన ప్రధాన విషయం.

4. నల్లమల వంటి ప్రాంతాల్లో నేలమంటల పౌనఃపున్యానికీ, నేలకోతకూ, జలాశయాల పూడికకూ గల సంబంధంపై అటవీ, భూగోళ, జలవనరుల శాఖల ఉమ్మడి పరిశోధనకు విస్తృతమైన అవకాశం ఉంది.