ఇంటి సౌందర్యశాలకు నమ్మకమే పెట్టుబడి

నలుగుపిండి, కుంకుడుకాయ, పసుపు, గోరింటాకు. తెలుగింటి సౌందర్య పోషణ తరతరాలుగా వంటింటికీ పెరటికీ మధ్యనే సాగింది. 1952లో టాటాలు మన దేశంలో సౌందర్య సాధనాల తయారీకి లాక్మే సంస్థను నెలకొల్పారు. ఆ పేరు మన ‘లక్ష్మి’కి ఫ్రెంచి రూపం కావడం విశేషం. కాలక్రమేణా మహానగరాలలో బ్యూటీ పార్లర్లు వెలిశాయి. అవి చిన్న పట్టణాలకు వ్యాపించి, నేడు మనవంటి పారిశ్రామిక టౌన్‌షిప్‌ల వీధులలోకి కూడా వచ్చాయి. ముందు గదిలో ఒక నిలువుటద్దం, ఒక కుర్చీ, మధ్యలో ఒక తెర ఉంటే చాలు, ఒక గృహిణి స్వయం ఉపాధికి అంకురార్పణ జరిగినట్లే.

ఈ వృత్తికి కావలసిన పెట్టుబడి స్వల్పం. శిక్షణ కూడా అందుబాటులోనే ఉన్నది. అయినప్పటికీ ఒక వీధిలోని సౌందర్యశాల కళకళలాడుతుండగా, పక్క వీధిలోనిది ఏడాది తిరగకుండానే మూతపడడం మనం చూస్తున్నాము. చేతి నైపుణ్యంలో ఇద్దరికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా సేవలో ఉంటుంది. పదవీ విరమణ అనంతరం కుటుంబానికి ఆసరా కాగల ఆదాయం ఇది. పిల్లల చదువులకు అక్కరకు వచ్చే ఆదాయం ఇది. కనుక ఆ తేడా ఏమిటో తెలుసుకోవడం అవసరం.

వరండాలో మొదలైన పేరు

ఈ రంగంలో అంతర్జాతీయ ఖ్యాతి గడించిన షహనాజ్ హుస్సేన్ 1970ల తొలినాళ్ళలో ఢిల్లీలోని తన ఇంటిలోనే మూలికా సౌందర్య చికిత్స ప్రారంభించారు. వాణిజ్య ప్రకటనలపై ఆధారపడకుండా, సంతృప్తి చెందిన వినియోగదారుల నోటిమాటతోనే ఆమె సంస్థ పెరిగింది. 2006లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించింది. ఒక స్త్రీ మరొక స్త్రీతో “ఆవిడ దగ్గరికి వెళ్ళు, బాగా చూస్తుంది” అని చెప్పడాన్ని మించిన ప్రకటన ఈ వృత్తిలో లేదనడానికి ఆమె జీవితమే తార్కాణం.

ఈ మాటకు లెక్క కూడా ఉన్నది. నెలకు ఒకసారి క్రమం తప్పక వచ్చేవారు నలభై మంది ఉంటే, ఏడాదికి 480 సందర్శనలు. వారిలో ఒకరు అసంతృప్తితో దూరమైతే పోయేది ఒక్క రోజు ఆదాయం కాదు, పన్నెండు నెలల ఆదాయం. ఆమెతోపాటు ఆమె కుమార్తె, చెల్లెలు, ఎదురింటి ఇల్లాలు కూడా రాకపోవచ్చు. కొత్తవారిని రప్పించడానికి పడే శ్రమలో సగం ఉన్నవారిని నిలుపుకోవడానికి వెచ్చిస్తే ఫలితం అధికంగా ఉంటుంది.

మొహమాటానికి మందు

ఇంటి వ్యాపారానికి పోటీదారులకంటె మొహమాటమే పెద్ద శత్రువు. పక్కింటావిడ “మనలో మనకు డబ్బేమిటి వదినా” అంటారు. మరొకరు “జీతం రాగానే ఇస్తాను” అంటారు. ఇంకొకరు భోజన సమయంలో తలుపు తడతారు. ఎవరినీ కాదనలేక నిర్వాహకురాలు నష్టపోతుంది. చివరకు విసుగు పుట్టి ముఖం మీద చిరునవ్వు మాయమవుతుంది. దీనికి ఔషధం ఒకటే. ధరల పట్టికను, పనివేళలను గోడమీద అందరికీ కనబడేటట్లు వ్రాసి ఉంచాలి. నోరు చెప్పలేనిది బోర్డు చెబుతుంది. సన్నిహితులకు తగ్గింపు ఇవ్వదలచినా, అది అందరికీ వర్తించే నియమంగా ఉండడం మంచిది. ఉదాహరణకు అయిదు పర్యాయాలు వచ్చినవారికి ఆరవసారి థ్రెడింగ్ ఉచితమని ప్రకటించవచ్చు.

ధర నిర్ణయించేటప్పుడు తమ శ్రమను లెక్కలో చేర్చుకోనివారే ఎక్కువ. ఒక ఫేషియల్‌కు సామగ్రి 120 రూపాయలు, తువ్వాళ్ళ ఉతుకు, కరెంటు, నీరు కలిపి 30 రూపాయలు అవుతాయనుకుందాం. పనికి గంటంపావు పడుతుంది. గంటకు 160 రూపాయల చొప్పున శ్రమకు 200 రూపాయలు వేసుకుంటే మొత్తం 350 రూపాయలు. పోటీకోసం దానినే 250కి చేస్తే చేతికి మిగిలేది 100, అనగా గంటకు 80 రూపాయలు మాత్రమే. ధర తగ్గించిన ప్రతిసారీ తగ్గేది సామగ్రి ఖర్చు కాదు, మన కూలి. ఆ లోటు పూడ్చుకోవడానికి నాసిరకం క్రీములవైపు చూస్తే మొదటికే మోసం వస్తుంది.

పరిశుభ్రతే ప్రథమ సేవ

కర్మాగారంలో భద్రతకు ఎంత ప్రాధాన్యం ఇస్తామో, సౌందర్యశాలలో పరిశుభ్రతకు అంత ప్రాధాన్యం ఇవ్వాలి. థ్రెడింగ్ దారాన్ని పళ్ళతో పట్టుకొనే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. దారాన్ని మెడకు తగిలించుకొని చేసే పద్ధతి ఆరోగ్యకరం. ప్రతి ఒక్కరికీ కొత్త దారం వాడాలి. బ్లేడు ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. రక్తం ద్వారా సోకే కామెర్లవంటి వ్యాధులు ఆ మార్గాన వ్యాపించగలవు. వ్యాక్సింగ్ పుల్లను ఒంటికి తగిలించిన తరువాత మళ్ళీ మైనం గిన్నెలో ముంచరాదు. స్టీలు పరికరాలను సబ్బుతో కడిగి, ఇరవై నిమిషాలు మరిగించి, ఆరబెట్టాలి. ఇవన్నీ వినియోగదారు కళ్ళ ఎదుట జరగాలి. ఆమె కళ్ళారా చూసిన శుభ్రత పదిమందికి చెబుతుంది.

జుట్టు రంగులలో చాలావాటిలో పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. అది కొందరికి తీవ్రమైన దద్దుర్లు, వాపు కలిగిస్తుంది. కనుక మోచేతి లోపలివైపునగాని, చెవి వెనుకగాని కొద్దిగా రాసి, 48 గంటలు చూచిన తరువాతనే తలకు వేయాలి. నిమిషాలలో నల్లగా పండుతుందని చెప్పే ‘నల్ల మెహందీ’ విషయంలోనూ ఈ జాగ్రత్త తప్పదు. మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. పెడిక్యూర్ నీటి వేడిని వారి మాటను బట్టి కాక, మన చేతితో పరీక్షించాలి. వారి ఆనెలు కోయరాదు. తల కడిగేటప్పుడు వృద్ధుల మెడను తొట్టి అంచుపై ఎక్కువసేపు వెనక్కి వాల్చి ఉంచరాదు. అట్లా ఉంచడం వలన మెదడుకు రక్తప్రసారం దెబ్బతిని పక్షవాతం వచ్చిన ఉదంతాలను 1993లో అమెరికా వైద్యులు ప్రచురించారు. మెడ కింద మడిచిన తువ్వాలు ఉంచాలి, పని త్వరగా ముగించాలి.

కాదనడం కూడా సేవే

“నాలుగు రోజులలో తెల్లబడాలి, ఏదైనా రాయండి” అని అడిగేవారు తరచుగా వస్తారు. ఆ అవసరాన్ని ఆసరాగా తీసుకొని పేరులేని డబ్బాలలో కలిపి ఇచ్చే క్రీములు బజారులో ఉన్నాయి. వాటిలో స్టీరాయిడ్లు ఉంటే మొదట ముఖం నిగనిగలాడుతుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూతగా వాడే పలు స్టీరాయిడ్లను వైద్యుని చీటీతోనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. పాదరసం కలిసిన క్రీములు మరింత ప్రమాదకరం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధిని వైద్యులు గుర్తించారు. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, గడువు తేదీ లేని ఏ సామగ్రినీ కొనరాదు, వాడరాదు.

పెళ్ళికి రెండు రోజుల ముందు మునుపెన్నడూ వాడని ఫేషియల్ కావాలని పెళ్ళికూతురు అడిగితే, వద్దని నచ్చజెప్పగలగాలి. ఆ రోజు కొంత ఆదాయం పోవచ్చు. కాని పెళ్ళిపీటల మీద కూతురి ముఖం వాచకుండా కాపాడిన మనిషిని ఆ తల్లి ఎన్నటికీ మరువదు.

మరొక మాట. “అయ్యో, ఎంత నల్లబడ్డారండీ” అని మొదలుపెట్టి ఖరీదైన ప్యాకేజీ అంటగట్టడం కొందరికి అలవాటు. అద్దం ముందు కూర్చున్న స్త్రీ మనసు సున్నితంగా ఉంటుంది. చిన్నబుచ్చి అమ్మిన సేవకు డబ్బు వస్తుందేమోగాని ఆ మనిషి మళ్ళీ రాదు. ఆమె ఏమి కోరి వచ్చిందో ముందు వినాలి. అడిగితేనే సలహా ఇవ్వాలి.

విన్న మాట గడప దాటరాదు

కుర్చీలో కూర్చొని కళ్ళు మూసుకున్నవారు ఇంటి కష్టసుఖాలు చెప్పుకుంటారు. కోడలి గురించి, కూతురి సంబంధం గురించి, భర్త ప్రమోషన్ గురించి మాటలు దొర్లుతాయి. టౌన్‌షిప్ జీవితంలో ఒక క్వార్టరులో అన్న మాట సాయంత్రానికి క్లబ్బులో వినిపిస్తుంది. అందుచేత వినడమేగాని చేరవేయడం ఉండరాదు. ఒకరి గురించి మన దగ్గర విన్నవారు, రేపు తమ గురించి కూడా ఇట్లాగే చెబుతామని గ్రహిస్తారు. అనుమతి లేకుండా ఎవరి ఫొటోనూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టరాదు. మర్మం దాచగలిగిన ఇంటికి దూరమైనా నడిచి వస్తారు.

ఒక నోటు పుస్తకం విలువ

మన సంస్థలలో రికార్డు లేని పని చేయనట్లే లెక్క. అదే క్రమశిక్షణను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఒక నోటు పుస్తకంలో ప్రతి వినియోగదారుకు ఒక పుట కేటాయించి, వచ్చిన తేదీ, చేసిన పని, వాడిన సామగ్రి, చర్మతత్వం, పడని వస్తువులు, చెల్లించిన మొత్తం వ్రాసుకోవాలి. “క్రిందటిసారి మీకు బ్లీచ్ మంట పుట్టింది, ఈసారి వద్దు” అన్న ఒక్క వాక్యం ఎంతటి ఆత్మీయతను కలిగిస్తుందో ఊహించవచ్చు. రాక మానినవారు ఎవరో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. రెండు నెలలు కనబడనివారికి ఫోను చేసి, వ్యాపారం ఊసెత్తకుండా క్షేమం అడగాలి. ఫిర్యాదు ఉంటే అప్పుడే బయటపడుతుంది. వాదించక సరిదిద్దితే వారే మరింత నమ్మకస్థులవుతారు.

పంచాంగమూ షిఫ్టులూ

ప్రచారానికి కరపత్రాలకంటె ముందు పంచాంగం చూడాలి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, ఆపైన బతుకమ్మ, దసరా, దీపావళి, ఆ తరువాత మాఘ ఫాల్గుణ వైశాఖాల పెళ్ళిళ్ళు పని ఒత్తిడి గల రోజులు. ఆషాఢం, ధనుర్మాసం, మూఢాలు మందకొడిగా ఉంటాయి. ఆ ఖాళీలో కొత్త పద్ధతులు నేర్చుకోవడం, సామగ్రి సమకూర్చుకోవడం, కళాశాల విద్యార్థినులకు తగ్గింపు ధరలు ప్రకటించడం మేలు. మంగళ, శుక్రవారాలలో జుట్టు కత్తిరించుకోవడానికి చాలామంది ఇష్టపడరు. ఆ రోజులను ఫేషియల్, పెడిక్యూర్‌లకు కేటాయించవచ్చు.

టౌన్‌షిప్‌కు తనదైన కాలపట్టిక కూడా ఉన్నది. పిల్లలు బడికి, భర్త షిఫ్టుకు వెళ్ళిన తరువాత గృహిణులకు తీరిక. ఉపాధ్యాయినులకు, ఉద్యోగినులకు సాయంత్రమే వీలు. జీతాలు పడిన వారంలో రద్దీ ఎక్కువ. ఇందుకు తగినట్లు వేళలు ముందుగా ఇచ్చి, ఇచ్చిన వేళకు పని మొదలుపెడితే, ఎదురుచూపులు లేని చోటుగా పేరు వస్తుంది.

నియమాలు మరువరాదు

ప్రభుత్వ రంగ సంస్థలలో ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా స్వయంగా వ్యాపారం చేయరాదని, కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే సంస్థకు తెలియజేయాలని ప్రవర్తనా నియమావళి సాధారణంగా నిర్దేశిస్తుంది. కనుక భార్య సౌందర్యశాలకు భర్త కార్యాలయంలో ప్రచారం చేయడం తగదు. సంస్థ క్వార్టరులో నడపదలచినవారు ముందుగా టౌన్‌షిప్ పరిపాలనా విభాగాన్ని సంప్రదించి, అనుమతి ఉంటేనే ప్రారంభించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రుసుము తీసుకొని చేసే సేవలకూ వర్తిస్తుంది. అడిగినవారికి రసీదు ఇవ్వడం అలవాటు చేసుకోవాలి.

పెట్టుబడి కావలసినవారికి 2015లో ప్రారంభమైన ముద్ర పథకం శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేని రుణం లభిస్తుంది. బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు గ్రామీణ యువతకు బ్యూటీ పార్లర్ నిర్వహణలో ఉచిత శిక్షణ ఇస్తున్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన ప్రయోగమే వీటికి మాతృక.

అప్పు బ్యాంకు ఇస్తుంది, విద్య శిక్షణ కేంద్రం నేర్పుతుంది. నమ్మకాన్ని మాత్రం ఎవరికి వారే సంపాదించుకోవాలి. కడిగిన చేయి, చెప్పిన వేళ, వ్రాసిన ధర, దాచిన మాట అనే ఈ నాలుగింటినీ పాటించే ఇంటిని వీధిలోని స్త్రీలు తామే వెతుక్కుంటూ వస్తారు. ఈ మార్గంలో అడుగిడుతున్న మన సోదరీమణులకు విజయం చేకూరాలని ఆశిద్దాం.