మూసారాంబాగు తుపాకులు, అమెరికా తుపాకులు

ఎల్.బి. నగరు నుండి దిల్‌సుఖ్‌నగరు దాటి మలక్‌పేటకు పోవు మెట్రో రైలు మార్గమున మూసారాంబాగు అను స్టేషను కలదు. ఆ చేరువనున్న మిట్టపై రాతిస్తంభముతో కూడిన సమాధియొకటి నిలిచియున్నది. అది ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం మారీ రేమండ్‌ది. ఆయనను ముస్లిములు మూసా రహీమనియు, హిందువులు మూసా రామనియు పిలిచెడివారని ప్రతీతి. ఆ పేరే పేటకు నిలిచినది. ఆయన సైన్యమును గూర్చి పలువురు చెప్పియున్నారు. మేమిచట ముచ్చటింపదలచినది ఆయన ఆయుధముల కార్ఖానాలను గూర్చి.

రేమండ్ 1755లో గాస్కొనీ సీమయందు పుట్టి, 1775లో పుదుచ్చేరి చేరెను. తరువాత నిజామలీఖానుని కొలువున ప్రవేశించెను. సుమారు 300 మందితో మొదలైన ఆయన దళము కొన్ని యేండ్లలో పదివేలు దాటినది. ఇందరికి తుపాకు లెక్కడివి? 1788లో గుంటూరు సీమ ఇంగ్లీషు కంపెనీకి దక్కుటతో నిజామునకు సముద్రతీరమే లేకపోయెను. కావున ఫిరంగులను, బందూకులను ఇచటనే చేసికొనవలసి వచ్చెను. ఫతే మైదానము చెంతనున్న గన్‌ఫౌండ్రీ ఆనాటి గుర్తు. జనులు దానిని ‘తోప్ కా సాంచా’ యందురు. సాంచా యనగా మూస.

అదే కాలమున అమెరికాకును ఇట్టి అక్కరయే కలిగెను. 1794లో స్ప్రింగ్‌ఫీల్డున ప్రభుత్వ ఆయుధశాల నెలకొల్పబడెను. మరుసటియేట అచట తయారైన బందూకులకు ఫ్రెంచివారి షార్లెవిల్ బందూకే నమూనా. రెండు దేశములకును గురువులు ఫ్రెంచివారే యన్నమాట.

మరి భేద మెచట వచ్చెను? 1798 ఈ ప్రశ్నకు చక్కని సమాధానము. ఆ మార్చి 25న రేమండ్ మరణించెను. సెప్టెంబరు 1న నిజాము కంపెనీతో సంధి చేసికొనెను. అక్టోబరు 22న ఫ్రెంచి దళము ఆయుధములు విడిచెను. ఆ యేటనే ఎలీ విట్నీ అనునతడు రెండేండ్లలో 10,000 బందూకులు చేసియిత్తునని అమెరికా ప్రభుత్వముతో ఒప్పందము చేసికొనెను. గడువు తప్పినది, పని 1809లో గాని ముగియలేదు. అయినను ప్రభుత్వము ఒప్పందమును తెంచివేయలేదు.

పూర్వము ఒక్కొక్క తుపాకిని పనివాడు ఆకురాయితో అరగదీసి అమర్చెడివాడు. ఒకదాని స్ప్రింగు విరిగిన వేరొకదానిది పట్టదు. ఏ భాగము దేనికైనను సరిపోవునట్లు కొలతసాధనములతో చేయవలెనని విట్నీ తలచెను. దానిని నిజముగ సాధించినవాడు 1820ల దశకమున హార్పర్స్ ఫెర్రీలో పనిచేసిన జాన్ హాల్. నేర్పు చేతినుండి యంత్రమునకు మారినది. ఆ బాటనే 1836లో కోల్టు రివాల్వరు పేటెంటు, 1852లో స్మిత్ వెస్సన్‌ల భాగస్వామ్యము, 1866లో వించెస్టరు కంపెనీ వెలసినవి. కుట్టు యంత్రములు, సైకిళ్ళు చేయు విద్యయు అచటినుండియే వ్యాపించెను.

మన కమ్మరి, పోతపనివాండ్ర నేర్పు తక్కువైనది కాదు. కాని వారి కార్ఖానా ఒక సేనాని ప్రాణమునకు, ఒక ప్రభువు చేవ్రాలునకు ముడివడియుండెను. ఆ రెండును తెగినంతనే కొలిమి చల్లారినది. అమెరికాయందు యజమాని పోయినను కొలతలు మిగిలినవి. పరిశ్రమ నిలువవలెనన్న మూస మాత్రము చాలదు. దానిని కాపాడు వ్యవస్థ యుండవలెను.